అంగిలి మీద నురగ

మా అమ్మ చుట్ట తాగేది. అదీ వెలుగుతున్న కొస నోట్లో పెట్టుకుని. ఈ మాట వేరే జిల్లాలవాళ్లకి చెప్తే నమ్మరు. ఒకసారి ట్రైనింగులో పక్క మంచం ఆవిడకి చెప్తే, ఆట పట్టిస్తున్నాననుకుని నవ్వేసింది. మా వైపు దాన్ని అడ్డపొగ అంటారు. నా చిన్నతనంలో నాతవరం చుట్టుపక్కల పల్లెల్లో నడివయసు దాటిన ఆడవాళ్లలో అడ్డపొగ తాగనివాళ్లని వెతుక్కోవాల్సి వచ్చేది.

నాకు ఆ అలవాటులో వింతేమీ కనిపించేది కాదు. వరినాట్లు వేసేటప్పుడు రెండు చేతులూ బురదలో ఉంటాయి. చుట్ట మగవాళ్లలా పెట్టుకుంటే వాన చినుక్కి ఆరిపోతుంది, గాలికి రవ్వ ఎగిరి చీర మీద పడుతుంది. నిప్పు లోపలుంటే ఆ బాధ లేదు. పెదాలు మూసుకుంటే ఎదురుగా పెద్దవాళ్లు వచ్చినా తెలీదు. మధ్యలో మాట్లాడాల్సివస్తే అమ్మ చుట్టని పళ్ల మధ్య బిగించి పట్టుకునే మాట్లాడేది. కాసేపు తాగి, ఆర్పి, రొంటిన దోపుకునేది. అలా ఒక చుట్ట పొద్దుటినుంచి సాయంత్రం దాకా వచ్చేది.

నేను చెప్పాలనుకున్నది చుట్ట సంగతి కాదు. ఆ చుట్ట అమ్మ అంగిట్లో పెట్టిన పుండు సంగతి, దాన్ని చూసి నేను చేసిన పని సంగతి. చదువు లేక చేసిన తప్పయితే ఇన్నేళ్లు నన్ను ఇలా పట్టుకుని ఉండేది కాదు. అది చదువుకున్న మనిషి మాత్రమే చేయగలిగిన తప్పు. ఆ తప్పువల్ల అమ్మకి మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలల ఖరీదు ఎంతో నాకు కచ్చితంగా ఎవరూ చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

మా ఇంట్లో హైస్కూలు దాటిన మొదటి మనిషిని నేను. అందులో నా గొప్ప సగమే. ఆడపిల్లకి అంత దూరం చదువెందుకని ఇంటిమీదకొచ్చి అడిగినవాళ్లందరికీ అమ్మ ఒకటే జవాబు చెప్పేది. "అది సదూతానంటన్నాది, నాను పంపతన్నాను. మద్దిన మీకేటి?" అన్నయ్య పొలం చూసుకున్నాడు. నేను విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ చేశాను. డెబ్భైల చివర్లో నర్సీపట్నంలో ఇంటర్మీడియట్ పిల్లలకి పాఠం చెప్పే ఉద్యోగం వచ్చింది. మా ఆయన సమితి ఆఫీసులో గుమాస్తా. నాన్న అప్పటికే పోయారు. మా పిల్ల పుట్టినప్పుడు సాయానికని వచ్చిన అమ్మ మాతోనే ఉండిపోయింది.

పెదబొడ్డేపల్లి వెళ్లే దారిలో రెండు గదుల ఇల్లు మాది. పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని అమ్మ అడ్డపొగ తాగుతుంటే నాకు నామోషీగా ఉండేది. పక్కింట్లో హెడ్మాస్టరుగారి కుటుంబం. "టౌన్లో కూడా ఎందుకమ్మా ఇది?" అనేదాన్ని. "టౌన్లో నిప్పు కాలదేటి?" అనేది. అంతటితో ఆ సంభాషణ అయిపోయేది.

నా ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీ ఒక పేపరు. నాకు ఎక్కువ మార్కులు వచ్చింది అందులోనే, దానితోనే కళ్లు కాస్త నెత్తికెక్కాయి కూడా. మా మాస్టారు చెప్పింది ఇదీ. మన కణాలు తిండిని కాల్చి శక్తి తీస్తాయి. పొయ్యి మండితే మసి వచ్చినట్టు, ఆ కాల్చడంలో కొంత విషం కూడా తయారవుతుంది. అందులో ఒకటి హైడ్రోజన్ పెరాక్సైడ్. దాన్ని ఎప్పటికప్పుడు నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టే ఎంజైమ్ పేరు కెటలేజ్. ఇలా కాపలా కాసే ఎంజైములు ఇంకొన్ని ఉన్నాయి. వాటి బలం చాలకపోతే విషం పేరుకుంటుంది, కణం లోపల దెబ్బలు తగులుతాయి, ఆ దెబ్బల్లోంచి కేన్సర్ పుట్టొచ్చు. ఇంతవరకూ తప్పేమీ లేదు.

కాలేజీలో ప్రతి ఏడూ నేను ఈ కెటలేజ్‌ని పిల్లలకి చూపించేదాన్ని. సిలబస్‌లో ఉందో లేదో కూడా పట్టించుకునేదాన్ని కాదు. అటెండరు పొద్దున్నే మేక కార్జం ముక్క తెచ్చేవాడు. పరీక్షనాళికలో పెరాక్సైడ్ పోసి, అందులో ఆ ముక్క వేస్తే తెల్లటి నురగ బుసబుసా పొంగి పైనుంచి కారేది. ఉడకబెట్టిన ముక్క వేస్తే ఏమీ ఉండదు, నీళ్లలో రాయి పడ్డట్టే. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది కదా. వెనక బెంచీవాళ్లు కూడా ముందుకొచ్చి చూసేవారు. మోకాలు దోక్కుపోయినప్పుడు కాంపౌండరు మందు వేస్తే నురగ వస్తుంది చూడండి, అదీ ఇదే, మీ రక్తంలోనూ కెటలేజ్ ఉంది, అని చెప్పేదాన్ని. ఈ వాక్యం నా నోటితో నేనే ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒక ఏడాది ఉగాదికి కాస్త ముందు, అన్నం తింటూ అమ్మ ఆగిపోయింది.

"పులుసు తగిల్తే మండతన్నాది," అంది.

నోరు తెరవమని టార్చి వేసి చూశాను. అంగిలంతా తెల్లగా, దళసరిగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అది అడ్డపొగ తాగే ఏ నోట్లోనైనా కనిపించేదే. ఎడంపక్క, వెనక పన్నుకి దగ్గర్లో మాత్రం కందిబద్దంత పుండు ఉంది. మా వైపు ఆడవాళ్లకి అంగిట్లో పుండంటే ఏమిటో అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరూ పలకరు. మా నాయనమ్మ చెల్లెలు అలాగే పోయింది. చివర్లో ఆవిడకి అంబలి కూడా దిగలేదని అమ్మే చెప్పేది.

సాయంత్రం మందుల షాపుకి వెళ్లి నోటిపూత అని చెప్పాను. షాపాయన పుక్కిలించడానికి ఒక చిన్న సీసా ఇచ్చాడు. నీళ్లు కలిపి వాడమన్నాడు, వారంలో మానకపోతే డాక్టరుకి చూపించమన్నాడు. ఆ రెండో మాట నేను చెవిన పెట్టలేదు. ఎందుకంటే సీసా మీద పేరు చదివాను. హైడ్రోజన్ పెరాక్సైడ్.

అమ్మ పెరట్లో పుక్కిలించి ఉమ్మింది. ఉమ్మినదంతా నురగ. అది చూస్తూ నిలబడ్డ నాకు ఉన్నట్టుండి క్లాసులో మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. కేన్సర్ ఉన్నచోట కెటలేజ్ తగ్గిపోతుంది. ఆ వాక్యం కింద నోట్సులో ఎర్ర ఇంకుతో గీత గీసుకున్నది కూడా గుర్తుంది. అయితే ఈ పుండు మీద నురగ వస్తే కెటలేజ్ ఉన్నట్టు, కెటలేజ్ ఉంటే కేన్సర్ లేనట్టు. లెక్క అంత తేలిగ్గా కుదిరిపోయింది. నోట్సు పెట్టె అటక మీద ఉంది. తీసి చూడాలన్న ఆలోచనే రాలేదు. నా జ్ఞాపకం మీద నాకు అంత నమ్మకం.

మర్నాడు ఆదివారం. అమ్మని వెలుతురులో కూర్చోబెట్టి పద్ధతిగా పరీక్ష చేశాను. చీపురుపుల్లకి దూది చుట్టాను. ముందు కుడిపక్క, ఏ బాధా లేనిచోట ఒక చుక్క తాకించి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. అరకొరగా నాలుగు బుడగలు. నోరు కడిగించి, కొత్త దూదితో పుండు మీద తాకించాను. చెయ్యి తీసేలోపే తెల్లగా పొంగింది, అచ్చం మా కాలేజీలో కార్జం ముక్క పొంగినట్టు.

"అమ్మా, ఇది అది కాదు," అన్నాను.

అమ్మ నురగ ఉమ్మేసి నా మొహం వైపు చూసింది. "కాదేటి?"

"కాదు. చెడ్డదైతే ఇలా పొంగదు."

"నిజిమేనా?"

"నేను చదివింది అదే."

నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది. నవ్వుతూ లోపలికి వెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు మడిచి, "బాగానే ఉంది గానీ, ఓసారి డాక్టరుకి చూపిస్తే పోయేదేముంది?" అన్నారు. ఆయన ఏ మాటనైనా మెల్లగానే అంటారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "జువాలజీ చదివింది మీరా, నేనా?" అన్నాను. ఆయన పేపరు మళ్లీ విప్పుకున్నారు. ఆ విషయం ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషిని నేనే. అది నా స్వభావం. దాన్ని ఈ రోజు వెనకేసుకు రాలేను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పరీక్ష. ఎమ్మెస్సీలో ప్రాక్టికల్ రికార్డు రాసినట్టు ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. కుడిపక్క నురగ కొద్దిగా, పుండు మీద నురగ బాగా. అలా రాసి పక్కన టిక్కు పెట్టేదాన్ని. అమ్మ బుద్ధిగా నోరు తెరిచేది. మొదటివారం మంటన్నది, రెండోవారం నుంచి ఆ మాటే అనలేదు. నేను అడిగితే, "బాగానే ఉన్నాది," అనేది. చూశావా, పెరాక్సైడ్‌తో పుండు కూడా శుభ్రపడుతోంది అనుకున్నాను. అడ్డపొగ మానెయ్యమన్నాను. మానేసింది. ముప్ఫై ఏళ్ల అలవాటు ఒక్క మాటకి, ఒక్క రోజులో మానేసింది. కనీసం అందుకైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, నా మాట వింటోందని మురిసిపోయాను.

తొలకరి పడ్డాక అన్నయ్య వచ్చాడు. కాల్చి కొట్టిన జీడిపప్పు సంచి నిండా తెచ్చాడు. అమ్మకి అదంటే ప్రాణం. సంచి విప్పి, దోసెడు తీసి, అంతా మా పిల్ల ముందు పోసింది. తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నయ్య అమ్మ కంచం వైపే చూస్తూ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అమ్మ ఎడంపక్క నమల్డం లేదు. సూసేవా?"

నేను చూడలేదు.

"అన్నం పిసిగి పిసిగి మింగతన్నాది. ఎన్నాళ్లయినాది అలగ?"

నాకు తెలీదు. రోజూ ఒకే ఇంట్లో, ఒకే పీట వరసలో కూర్చుని తింటున్నాం. నేను తడుముకోకుండా పరీక్ష సంగతి చెప్పడం మొదలుపెట్టాను. కెటలేజ్, నురగ, పదకొండు ఆదివారాలు. అన్నయ్య అయిదో తరగతితో ఆపేసిన మనిషి. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఆ పరీచ్చ నాకు తెలీదమ్మా," అన్నాడు చివరికి. "అమ్మ తిండి నాకు తెల్సు. రేపు బేగి బయల్దేరి విశాఖపట్నం పోదాం."

అమ్మని నోరు తెరవమని మళ్లీ టార్చి వేశాను. కందిబద్ద చింతపిక్కంత అయింది. అంచులు లేచి గట్టిపడ్డాయి. పక్క పన్ను వేలితో తాకితే కదిలింది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. పదకొండు ఆదివారాలూ నేను నురగని చూశాను గానీ పుండుని చూడలేదు. నోటుబుక్కులో దాని కొలత ఒక్కసారి కూడా రాయలేదు.

మర్నాడు మొదటి బస్సుకి తాళ్లపాలెం మీదుగా బయల్దేరాం. ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు అమ్మ నోట్లోకి అద్దం పెట్టి ఒక్క నిమిషం చూశారు.

"అడ్డపొగా?" అన్నారు.

అమ్మ తల ఊపింది.

"ఎన్నాళ్లనుంచి ఉందమ్మా ఈ పుండు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ, "ఈమజ్జినేనండి," అంది. ఆయన నా వైపు చూశారు. నేను సరిదిద్దలేదు. కాసేపటికి, ఏదో మామూలు సందేహం అడుగుతున్నట్టు, పెరాక్సైడ్ వేస్తే బాగా నురగ వచ్చిందండీ అన్నాను. ఆయన చీటీ రాసుకుంటూనే, "పచ్చి పుండు కదమ్మా, రక్తం తగిలిన ప్రతిచోటా వస్తుంది. మోకాలు దోక్కుపోతే రాదూ?" అన్నారు. నా పాఠం నాకే అప్పజెప్పినట్టయింది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత కేన్సరే అన్నారు. ముందే వస్తే ఇంకాస్త చిన్న కోతతో అయిపోయేది అని కూడా అన్నారు, ఎవరినీ తప్పుపట్టే గొంతుతో కాదు, రోజూ పదిమందికి చెప్పే మాటలాగే.

ఇంటికి రాగానే అటక మీంచి పెట్టె దించాను. ఎర్ర ఇంకు గీత అలాగే ఉంది. గీత పైన ఉన్న వాక్యం మాత్రం నేను గుర్తుపెట్టుకున్నది కాదు. కేన్సర్ గడ్డ ఉన్న ఎలుకల కాలేయంలో కెటలేజ్ తగ్గుతుంది అని రాసి ఉంది. కాలేయంలో. గడ్డ ఒంట్లో ఎక్కడో ఉంటే, దూరాన ఉన్న కాలేయంలో ఎంజైమ్ తగ్గుతుందని. పుండు సంగతి అందులో లేనే లేదు. ఎలుకలూ, కాలేయమూ రెండూ జారిపోయి, నాకు కావలసిన ముక్క మాత్రం బుర్రలో మిగిలింది. ఆ రోజు నోట్సు ముందేసుకుని చాలాసేపు ఏడ్చాను. అమ్మ వంటింట్లో ఉంది, ఎందుకని అడగలేదు.

ఆపరేషన్లో పై దవడ ఎడంపక్క, అంగిలి కొంతా తీసేశారు. ఆ తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్ని మా వైపు అలాగే అంటారు. తీసినచోట కంత పడింది కాబట్టి దాన్ని మూయడానికి కట్టుడుపళ్లతో కలిపి ఒక ప్లేటు చేసి ఇచ్చారు. అది పెట్టుకుంటే తిండీ మాటా దాదాపు మామూలే. తీస్తే మజ్జిగ ముక్కులోంచి వచ్చేది, మాట కూడా ముక్కులోంచే వచ్చేది. ప్లేటు లేనప్పుడు అమ్మ ఏమంటోందో మాకెవరికీ తెలిసేది కాదు, మా పిల్లకి తప్ప. అది ప్లేటున్న అమ్మమ్మనీ లేని అమ్మమ్మనీ ఒక్కలాగే వినేది.

అమ్మ మెల్లగా మనిషైంది. ప్లేటు కడిగి ఆరబెట్టడం పళ్లు తోముకోవడమంత మామూలైపోయింది. పక్కింటి హెడ్మాస్టరుగారి భార్య బాధపడుతూ ఏదో అనబోతే, "పళ్లు గట్టిపడ్డాయమ్మగారూ, ఇప్పుడు చెరుకు కూడా తింతాను," అని నవ్వించేది. తినలేదనుకోండి. అలా ఏళ్లు గడిచాయి. ఆరునెల్లకోసారి విశాఖపట్నం వెళ్లి చూపించుకు రావడం, బాగుందనిపించుకుని రావడం. నేను ఆ మూడు నెలల సంగతి అమ్మ దగ్గర ఎత్తలేదు. ఎత్తకపోతే పోతుందేమో అనుకున్నాను.

కాలేజీలో నురగ ప్రాక్టికల్ మాత్రం మానేశాను. అటెండరు రెండేళ్లు అడిగి ఊరుకున్నాడు.

ఎనభైల మధ్యలో లెక్చరర్లకి యూనివర్సిటీలో వేసవి తరగతులు పెట్టారు. ఎంజైముల మీద పాఠం చెప్పిన ప్రొఫెసరుగారు అయిపోయాక సందేహాలు అడగమన్నారు. నేను లేచి, కేన్సర్ కణంలో కెటలేజ్ తక్కువుంటుందా ఎక్కువుంటుందా అని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆయన, "ఏ కేన్సరు? ఏ దశలో? ఎక్కడి కణం?" అని మూడు ప్రశ్నలు ఎదురేశారు. కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో బాగా ఎక్కువ, ఒకే గడ్డలో కూడా ఒక్కలా ఉండదు, మాకింకా పూర్తిగా తెలీదమ్మా అన్నారు. అంత పెద్దాయన తెలీదన్న మాట అంత తేలిగ్గా అనడం చూసి నాకు సిగ్గేసింది. నేను ఆ మాట ఇంట్లో గానీ క్లాసులో గానీ ఎప్పుడూ అని ఎరగను.

రిటైరయ్యాక దొరికిందల్లా చదివాను. ఇప్పుడు శాస్త్రవేత్తలు చెప్తున్నది ఏమిటంటే, ఈ కాపలా ఎంజైములు ఎవరి పక్షమూ కాదు. చెరుకుతోట కాపలావాడు తోట ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే కాపలా కాస్తాడు. కణం మంచిదిగా ఉన్నన్నాళ్లూ అవి దాన్ని విషాల నుంచి కాపాడతాయి. అదే కణం చెడిపోయాక, ఆ చెడిన కణాన్నీ అంతే శ్రద్ధగా కాపాడతాయి. గడ్డ లోపల పుట్టే విషాన్ని విరగ్గొట్టి దాన్ని పెరగనిస్తాయి. గడ్డనుంచి విడిపోయి రక్తంలో పడ్డ కణం మామూలుగా అయితే ఆ కొత్తచోట తట్టుకోలేక చచ్చిపోవాలి. ఈ ఎంజైములు దండిగా ఉన్నది బతికి ఇంకోచోట దిగుతుంది. అంటే నా పరీక్ష నిజంగా పుండు లోపలి కెటలేజ్‌నే కొలిచి ఉన్నా, ఆ పొంగు చూసి నవ్వాల్సిన పనిలేదు. ఏమో, భయపడాల్సిందేమో.

వేసవి తరగతుల నుంచి వచ్చిన కొన్నాళ్లకే అమ్మ తలకి నూనె రాసుకుంటూ నన్ను పిలిచి, నా చేతిని తన దవడ కింద పెట్టుకుంది. ఉసిరికాయంత గడ్డ. గట్టిగా, కదలకుండా ఉంది. ఈసారి నేను టార్చి తేలేదు, పుస్తకం తియ్యలేదు. మర్నాడే విశాఖపట్నం వెళ్లాం. పాకింది అన్నారు. మళ్లీ కరెంటు పెడదాం, ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం అన్నారు.

తిరిగొచ్చిన రెండోరోజు మధ్యాహ్నం అమ్మ పెరట్లో చాప వేసుకుని కొత్త చింతపండులో పిక్కలు తీస్తోంది. నేనూ వెళ్లి కూర్చున్నాను. పిల్ల బడికెళ్లింది, ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అమ్మా, అప్పుడు మూడు నెలలు నిన్ను డాక్టరుకి చూపించకుండా ఆపింది నేను. నురగ వస్తే కేన్సర్ కాదన్నాను కదా, అది తప్పు. నాకు సరిగ్గా తెలీదు, తెలుసనుకున్నాను. అప్పుడే తీసుకెళ్తే అంత కోసేవాళ్లు కాదు. ఈ గడ్డ కూడా వచ్చేది కాదేమో."

అమ్మ చేతులు ఆగలేదు. రెండు మూడు పిక్కలు తీసి పక్కన వేసింది.

"రెండో ఆదివారానికే నొప్పి ఎక్కువైపోనాది," అంది.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు కాదన్నావు కదా."

"నేనంటే మాత్రం? నొప్పి నీది కదమ్మా."

"మనూళ్లో అంత సదువు ఇంకెవలు సదివేరు?" అంది. కోపం లేదు, దెప్పడం లేదు. నాకు తెలియని సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "నువ్వు కాదన్నాక ఇంక నొప్పెలగుంటాదనుకున్నాను. నా నోరే అబద్దం ఆడతన్నాది గావాల అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ చేతులు చీరకి తుడుచుకుని, నా మోకాలి మీద ఒక చెయ్యి వేసింది.

"ఈపాలి నొప్పొస్తే నాను సెప్తాను," అంది. "నువ్వు పరీచ్చలు సెయ్యకు. నమ్ము."

ఆ తర్వాత అమ్మ ఎనిమిది నెలలు ఉంది. నొప్పి ఎక్కడుందో, ఎంతుందో రోజూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నమ్మాను.